చింతపండుతో తోమిన ఇంజను

పండుగకు ముందు మా ఇంట్లో ఇత్తడి సామాన్లు చింతపండుతో తోమే రోజు ఒకటుంటుంది. ఆ రోజు నేను ఏదో ఒక పని చెప్పుకుని బయటికి పోతాను. చెప్పులు కుట్టించాలంటాను, పోస్టాఫీసంటాను, ఎవరినో చూసి రావాలంటాను. మా ఆవిడ దీన్ని బద్ధకమనుకుంటుంది. పెళ్ళయిన నాటి నుంచీ అనుకుంటోంది, అనుకోనీ. నా బద్ధకానికి అదొక్కటే సాక్ష్యం కాదు కనుక నేనూ వాదించను.

మొన్న మాత్రం తప్పించుకోలేకపోయాను. మోకాళ్ళు సహకరించలేదు. వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే దొడ్లోంచి ఆ వాసన వచ్చింది. తడి చింతపండూ తడి లోహమూ కలిసినప్పుడు వచ్చే పుల్లటి వాసన. అది ముక్కుకు తగిలితే నాకు కృష్ణ ఒడ్డు కనిపిస్తుంది, ఒడ్డున ఇంజను పడవ కనిపిస్తుంది, పడవలో ఒంగి కూర్చున్న మిస్త్రి కనిపిస్తాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. రేవులో ఎవరూ ఆయన్ను పేరుతో పిలవగా నేను వినలేదు. కట్టుకున్న భార్యకు కూడా ఆయన మిస్త్రే.

అరవైల మొదట్లో నాకు ఓవర్సీరు ఉద్యోగం వచ్చింది. నల్గొండ దాటి ఎరగని నన్ను తీసుకుపోయి మక్తల్ అవతల కృష్ణ ఒడ్డున వేశారు. ఒక రోడ్డు, ఒక రేవు, రేవులో ఒక సర్కారు పడవ నా చేతి కింద అన్నారు. చుట్టుపక్కల రేవుల్లో జనం పుట్టిలో దాటేవారు. పుట్టి అంటే తోలు కప్పిన పెద్ద గుండ్రటి బుట్ట. మా రేవుకు మాత్రం నిజాం కాలం నాటి ఇంజను పడవ ఉండేది. ఆ గర్వంతో మా ఒడ్డు వాళ్ళు పక్క రేవుల వాళ్ళతో కొంచెం తల ఎగరేసే మాట్లాడేవారు.

మొదటి రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని పడవలోకి దిగి, "నేను కొత్త ఓవర్సీర్ని. ఇక నుంచి ఇక్కడ..." అని మొదలుపెట్టాను. ఇంజను పక్కన కూర్చున్న నడివయసు మనిషి తల ఎత్తకుండా చూపుడు వేలు మాత్రం ఎత్తాడు.

"ఆగు."

ఆగిపోయాను. ఆయన తల ఒక పక్కకు వంచి ఇంజను చప్పుడు విన్నాడు. నా అంతస్తూ హోదా అంతా అలా నిలబడి ఎదురుచూశాయి. చివరికి ఆయన వేలు దించి, "ఊఁ. ఇప్పుడు చెప్పు సారూ" అన్నాడు.

నాకు చాలా కోపం వచ్చింది. ఆ తర్వాత వారం రోజుల్లో ఆయన అదే వేలు తాసిల్దారుకూ, పెళ్ళికొడుకు తండ్రికీ, బియ్యం నిండుకున్నాయని చెప్పడానికి వచ్చిన సొంత భార్యకూ చూపించడం చూశాక కోపం పోయింది. ఆ వేలికి మనుషుల్లో తేడా తెలియదు. చప్పుడులో ఏదో చిన్న మార్పు వినిపిస్తే చాలు, లేచేది.

ఇంజన్ని ఆయన 'దొర' అనేవాడు. ఇంగ్లండులో పుట్టింది కనుక దొర. దాని నెత్తిన ఇంగ్లీషు అక్షరాలున్న ఇత్తడి బిళ్ళ ఒకటుండేది. "దొరకు ఇయ్యాల మనసు బాగలేదు" అన్నాడంటే ఇంజను ఒక పట్టాన కదలదని అర్థం. "దొరకు తాగుడెక్కువైంది" అంటే నూనె మామూలు కంటే ఎక్కువ పోయాల్సి వస్తోందని. ఊరి దొరలను పల్లెత్తు మాట అనడానికి జంకిన రోజులు పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా పడవలో ఎవరో ఒకరు కిసుక్కున నవ్వేవారు. మిస్త్రి మాత్రం నవ్వేవాడు కాదు.

పొద్దున్నే దొరను లేపడం ఒక తతంగం. ఇంజను నెత్తిన గుండ్రటి ఇనుప బుర్ర ఉండేది. అది ఎర్రబడేదాకా కిరసనాయిలుతో బుసలు కొట్టే దీపం దాని కింద పెట్టి కాచాలి. అప్పుడు పక్కనున్న పెద్ద చక్రాన్ని పట్టుకుని ఒక్క ఊపు ఊపాలి. ఆ ఊపు ఆయనకు తప్ప మరొకరికి చేతకాదు. నేనొకసారి ప్రయత్నించి భుజం పట్టేసి మూడు రోజులు చొక్కా తొడుక్కోలేకపోయాను. ఇంజను 'టుక్కు' మని, మళ్ళీ 'టుక్కు టుక్కు' మని అందుకునేదాకా ఆయన ఊపిరి బిగబట్టేవాడు. అందుకున్నాక ఆ దీపం మంటకే బీడి అంటించుకుని ప్రయాణికుల వైపు తిరిగేవాడు. "ఎక్కుండ్రి, ఎక్కుండ్రి. మేకలు ముందటికి, మనుషులు నడుమల."

ఆయన పుట్టింది నారాయణపేట దగ్గర నేతవాళ్ళ ఇంట్లో. ఇంజను వైపు ఎలా వచ్చాడో ఆయన చెప్పగా విన్నాను. పడవ కొత్తగా వచ్చిన రోజుల్లో ఈయన నూలు మూట నెత్తిన పెట్టుకుని అవతలి ఒడ్డుకు పోతున్నాడట. నది మధ్యలో పడవలోకి నీళ్ళు రావడం మొదలైంది. నీళ్ళలో తిరిగే పంకా ఇరుసు పడవలోంచి బయటికి పోయే చోట నీళ్ళు రాకుండా ఒక తాడు చుట్టి బిగిస్తారు. ఆ తాడు చివికిపోయింది. ఇంజనుతో పాటు బొంబాయి నుంచి వచ్చిన మెకానిక్కు తల పట్టుకుని కూర్చుంటే, ఈ నేత కుర్రాడు మూట విప్పి, ఎనిమిది పోగుల జడ అల్లి చేతికిచ్చాడు. నీళ్ళు ఆగాయి. మెకానిక్కు ఆయన్ను మళ్ళీ పడవ దిగనివ్వలేదు. "నూలు అటే పోయింది, నేను ఇటే ఉంటి" అనేవాడు మిస్త్రి.

ఆ తాడు మాత్రం ఎన్నడూ బజారులో కొననివ్వలేదు. తీరిక దొరికితే కాలి బొటనవేలికి పోగులు కట్టుకుని అల్లుతూ కూర్చునేవాడు. మందలను దాటించే గొల్లవాళ్ళు తెచ్చిచ్చిన మేక కొవ్వును కరిగించి అందులో నానబెట్టేవాడు. ఇంజను జబ్బులన్నిటికీ ఆయన దగ్గర మగ్గం పేర్లే ఉండేవి. చప్పుడు ఒకటి తప్పితే "పోగు తెగింది" అనేవాడు. నిలువు పోగులు పడుగు, అడ్డపోగులు పేక అని నాకు తెలిసింది ఆయన దగ్గరే, అదీ ఇంజను గురించి మాట్లాడుతుండగా.

రెండో ఏడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో పై నుంచి కాగితం వచ్చింది. పడవ ఇంజను పాతదైపోయింది కనుక దానికి బొంబాయి నుంచి సామాను తెప్పించి బాగుచేయించాలా, లేక దాన్ని తీసేసి కొత్తది పెట్టించాలా అని. ముందు నేను నా అభిప్రాయం రాయాలి. దసరా మర్నాడు పెద్ద ఇంజనీరు స్వయంగా వచ్చి చూసి తేలుస్తాడు. అడుగున ఇంకో వాక్యం ఉంది. కొత్త ఇంజను పెడితే దాన్ని నడిపేందుకు సర్టిఫికెట్టు ఉన్న మనిషినే తీసుకోవాలి.

మిస్త్రికి ఏ సర్టిఫికెట్టూ లేదు. పాత ఇంజనుతో పాటు పాత మనిషి అని ఆయన్ను ఉండనిచ్చారు, అంతే. ఇంజను పోతే ఆయనా పోవాలి. కాగితం చదివి వినిపించాను. ఆయన నది వైపు తిరిగాడు.

"నాకు ఇంకో పని రాదు సారూ. మగ్గం మీద చెయ్యి ఎన్నడో మరిచింది. గీ నీళ్ల మీదనే నాకు పొద్దు పొడవాలె, గీ నీళ్ల మీదనే పొద్దు గూకాలె."

"నువ్వు చెప్పు మిస్త్రీ. బాగుచేస్తే నడుస్తుందా?"

"నడువక? పడుగు గట్టిగున్నది. పేక మారిస్తె సాలు."

సిలిండరూ దిమ్మా బాగున్నాయి, లోపలి సామాను మారిస్తే చాలు అని ఆయన మాటకు అర్థం. నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటి ఇంజను బొమ్మ కూడా లేదు. ఆయన మాటనే ఇంగ్లీషులో పెట్టి, బాగుచేయించడమే మేలని రాసి పంపాను. నాకు ఆయన కావాలి. ఆయన లేని రేవులో నేను ఉండగలనని అనిపించలేదు. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, ఒంటరివాణ్ణి, ఆ ఒడ్డున నాకున్న తోడు ఆయనే.

ఇక నా బెంగంతా ఇంజను ఆకారం మీదికి పోయింది. అది చూడ్డానికి ఏం బాగుండేది కాదు. ఏళ్ళ తరబడి పట్టిన మడ్డి. ఎడమ పక్క పొట్ట మీద అరచెయ్యంత మేర తుప్పు పెచ్చు కట్టి ఉండేది, పుండు మీద చెక్కులాగా. పెద్ద ఇంజనీరు దీన్ని చూడగానే మొహం చిట్లిస్తాడని నాకు దిగులు పట్టుకుంది.

ఆయుధ పూజ నాడు మిస్త్రి ప్రతి ఏడూ చేసినట్టే చేశాడు. నూనె గుడ్డతో ఇంజన్ని పైపైన తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. వాళ్ళ నాయిన నేసిన మగ్గం నారాయణపేటలో పెద్దన్న ఇంట్లో ఉంది. పండుగకు అన్నదమ్ములంతా అక్కడ చేరి దానికి పూజ చేస్తారు. ఏడాదికి ఆ ఒక్కసారే ఆయన పడవను విడిచిపెట్టేది. పోతూ పోతూ, "దొరను ముట్టుకోకుండ్రి. నేనొచ్చి చూసుకుంట" అన్నాడు. ప్రతి ఏడూ అనే మాటేనట. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

దసరా నాడు పడవ నడవదు. నేనూ, చుక్కాని పట్టే మనిషీ, అతని భార్యా కలిసి పడవలోకి దిగాం. ఆమె ఒక గంపెడు పాత చింతపండూ, బూడిదా, ఇటుక పొడీ తెచ్చింది.

"దేవుని సామానంత దీంతోనే తోముతం గద సారూ, గీ ఇనుపదానికేమైతది?" అంది ఆమె.

నాకూ సబబే అనిపించింది. పండుగ పూట ఇంటిల్లిపాదీ ఇత్తడినీ ఇనుమునూ చింతపండుతో తోముకునే ఊళ్ళో మా దొర ఒక్కడే మాసిన మొహంతో ఎందుకుండాలి? పొద్దున నానబెట్టిన చింతపండు గుజ్జు ఇంజను ఒంటినిండా మెత్తాం. మధ్యాహ్నం దాకా నాననిచ్చి తోమాం. ఇత్తడి బిళ్ళ బంగారమైంది. ఇనుము నీలంగా మెరిసింది. ఎడమ పొట్ట మీది తుప్పు పెచ్చు ఒక్కటే మొండికేసింది. దాన్ని నేను పట్టుకున్నాను. గుజ్జు మెత్తడం, నా చాకు మొనతో గీకడం, మళ్ళీ మెత్తడం. పొద్దు వాలుతుండగా అది పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వచ్చింది. ఏదో గెలిచినంత సంబరపడ్డాను.

మర్నాడు పొద్దున్నే మిస్త్రి వచ్చాడు. చేతిలో దసరాకు బంగారమని పంచుకునే జమ్మి ఆకు. నా చేతిలో పెట్టి, "బంగారం సారూ" అని రెండు చేతులా కావలించుకున్నాడు. నేను ఆయన్ను వదిలించుకుని, చిన్నపిల్లాడిలా చెయ్యి పట్టుకుని ఇంజను దగ్గరికి లాక్కుపోయాను.

ఆయన చూశాడు. నెమ్మదిగా ఒంగి ఎడమ పొట్ట మీద అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు పెట్టి ఉంచాడు, జ్వరం చూస్తున్నట్టు.

"చింతపండా?"

"అవును. ఒక పూటంతా పట్టింది" అన్నాను. మెప్పు కోసం ఎదురుచూశాను.

"మంచిగ మెరుస్తాంది" అన్నాడు.

ఇంకేదో అనబోతుండగానే ఒడ్డున జీపు ఆగింది. పెద్ద ఇంజనీరు దిగాడు. సర్కారు జిల్లాల నుంచి వచ్చిన మనిషి. మర్యాదస్తుడు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇంజన్ని చూడగానే మొహం విప్పారింది. "భలేగా ఉంచారే! ఇంత పాతదని చెబితే నమ్మరు. ఏదీ, నడపండి చూద్దాం" అన్నాడు.

మిస్త్రి దీపం వెలిగించాడు. చక్రం ఊపాడు. దొర మొదటి ఊపుకే అందుకున్నాడు. పండుగ ప్రయాణాల జనం ఒడ్డున గుంపుగా ఉన్నారు. మూటలు, పిల్లలు, ఇద్దరు గొల్లవాళ్ళు, వాళ్ళ మేకలు. ఇంజనీరు చెవి ఒగ్గి విని తల ఊపాడు. "చప్పుడు శుభ్రంగా ఉంది. దీన్నే బాగుచేయిద్దాం. ఈయన్నే ఉంచుదాం. ఒక్కసారి నిండు బరువుతో అవతలికి పోయి వద్దాం, ఎక్కించండి జనాన్ని."

నా సంతోషానికి అంతు లేదు. మిస్త్రి వైపు చూశాను. ఆయన తువ్వాలుతో ఇంజను పొట్ట తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ నీటిబొట్లు లేస్తున్నాయి. నిన్న కడిగిన తడి అనుకున్నాను. జనం ఎక్కారు. నలభై మంది దాకా ఉంటారు. పండుగ తర్వాత కూడా కృష్ణ ఇంకా నిండుగానే పారుతోంది. తాడు విప్పడానికి చుక్కాని మనిషి ఒంగాడు. ఇంజనీరు నాతో ఏదో చెబుతున్నాడు.

మిస్త్రి వేలు లేచింది.

"ఆగు."

ఇంజనీరు ఆగాడు. ఆయన్ను అలా ఆపినవాళ్ళు ఎవరూ ఉండి ఉండరు. మిస్త్రి విన్నాడు. ఈసారి ఎక్కువసేపు వినలేదు. చెయ్యి చాచి ఇంజన్ని బందు చేశాడు. ఒక్కసారిగా నది చప్పుడు వినిపించింది.

"అందరు దిగుండ్రి. ఇయ్యాల పడవ పోదు."

"ఏమైందయ్యా?" అన్నాడు ఇంజనీరు.

"నెర్రె ఉన్నది సాబ్. గీడ. తొమ్మిదేండ్ల సంది ఉన్నది. నేనే దాచిన."

నెర్రె అంటే పగులు. లోపలి వేడి తగ్గడానికి ఇంజను నది నీళ్ళు తోడుకుని సిలిండరు చుట్టూ తిప్పుకుంటుంది. ఆ నీళ్ళు తిరిగే గది గోడ ఒక ఎండాకాలం పగిలిందట. కృష్ణ సన్నబడి, ఇసుక అడ్డం పడి నీళ్ళు ఆగిపోయాయి. ఇనుము కాగిపోయి ఉన్నప్పుడు అడ్డం తొలగి చల్లనీళ్ళు ఒక్కసారి లోపలికి వచ్చాయి. ఇదంతా ఆయన తలవంచుకునే చెప్పాడు.

"మరి తొమ్మిదేళ్ళు ఎలా నడిపావు?"

"ఇనుప పొడిల నవసాగరం కలిపి మెత్తిన సాబ్. తుప్పు వట్టి గట్టివడ్డది. ఒక్క సుక్క కారలే."

కలాయి వేసేవాళ్ళ దగ్గర దొరికే నవసాగరం, ఇనుప పొడి. ఆ రెండూ తడిసి తుప్పు పట్టి, ఇనుముతో ఇనుమై కూర్చున్నాయి. ఆ తుప్పే ఇన్నాళ్ళూ ఆ పగులును పట్టుకుని ఉంది. చింతపండు పులుసుకు తుప్పు కరుగుతుందని మా అమ్మకు తెలుసు, చుక్కాని మనిషి భార్యకు తెలుసు. ఓవర్సీరు చదువు చదివిన నాకు అది అప్పుడు తట్టింది.

"మరి ఇప్పుడెందుకు ఊడింది?" అన్నాడు ఇంజనీరు.

మిస్త్రి నా వైపు చూడలేదు. చుక్కాని మనిషి వైపూ చూడలేదు. "పాతవడ్డది సాబ్. ఊడింది" అన్నాడు.

ఇంజనీరుకు కోపం వచ్చింది. రావలసిన కోపమే. "ఎప్పుడు ఊడుతుందో తెలియని నాసిరకం మాటు వేసి ఇంతమందిని నది దాటిస్తున్నావా? నిన్ను పడవ మీద ఉంచడమే పొరపాటు" అన్నాడు. నాసిరకం అన్నప్పుడు మిస్త్రి మొహం ఒక్కసారి కదిలింది. పడవ మీద పని పోతుందన్నా కదలని మొహం, ఆ ఒక్క మాటకు కదిలింది. ఇంజనీరు పుస్తకం తీసి అదే మాట రాసుకున్నాడు.

అప్పుడు నేను నోరు విప్పాలి. అది తొమ్మిదేళ్ళు నిలిచిన పని సార్, చాకుతో గీకి ఊడదీసింది నేను, అనాలి. నా గోళ్ళ సందుల్లో చింతపండు నలుపు ఇంకా ఉంది. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. కొత్త ఉద్యోగం, పైఅధికారి, భయం. ఏ పేరు పెట్టుకున్నా అది పిరికితనమే. నాకు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

కొత్త ఇంజను వేసవికి వచ్చింది. దాంతో పాటు సర్టిఫికెట్టు ఉన్న కుర్రాడూ వచ్చాడు. మిస్త్రి వాడికి రేవు లోతులు చూపించాడు. ఎనిమిది పోగుల జడ అల్లడం కూడా నేర్పబోయాడు గానీ వాడు బొటనవేలికి పోగులు కట్టుకోవడానికి నామోషీ పడ్డాడు. పాత ఇంజన్ని ఎడ్లబండి మీదికెత్తి తీసుకుపోయిన రోజు మిస్త్రి రేవుకు రాలేదు. నాకు అచ్చంపేటకు బదిలీ అయింది. పోయేముందు ఆయన ఇంటికి వెళ్ళి చెప్పి పోవాలనుకున్నాను. వెళ్ళలేదు.

రెండేళ్ళ తర్వాత ఆఫీసు పని మీద మక్తల్ వచ్చి, ఇక ఉండబట్టలేక ఒడ్డు దాకా పోయాను. ఆయన ఇల్లు రేవుకు పైన, నాలుగు అడుగుల దూరంలో. ఇంటావిడ గుంట మగ్గంలో కూర్చుని చీర నేస్తోంది. ఆయన పక్కన కూర్చుని రాట్నం తిప్పుతూ ఆమెకు నూలు కండెలు చుడుతున్నాడు. నన్ను చూసి లేచాడు. "రా సారూ, రా. ఎన్నొద్దులాయె! ఇప్పుడు ఈమెనే మిస్త్రి, నేను పనోణ్ణి" అని నవ్వాడు.

"పనోడు మంచోడే సారూ. జర నిదానం" అంది ఆవిడ మగ్గం ఆపకుండా.

మంచినీళ్ళు తాగాను. ఇక దాచడం నా వల్ల కాలేదు. "మిస్త్రీ, ఆ రోజు ఇంజను మీది పెచ్చు..." అన్నాను.

వేలు లేచింది. "ఆగు."

ఆవిడ కాలు కూడా తొక్కుడుచెక్క మీద ఆగిపోయింది. మగ్గం ఆగింది. కింద రేవులో పడవ బయలుదేరి అవతలికి పోతోంది. కొత్త ఇంజను చప్పుడు. ముగ్గురం కదలకుండా విన్నాం. అది నడి నది దాటేదాకా ఆ వేలు దిగలేదు.

"బరువుగ పోతాంది. ఇరుసు కాడ నీళ్లొస్తున్నట్టున్నయి. రేపు పోయి తాడు మార్చి రావాలె" అన్నాడు. గోడకు తగిలించిన నూలు జడ చుట్ట వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఊఁ. ఇప్పుడు చెప్పు సారూ" అన్నాడు.

చెప్పాను. చాకుతో గీకింది నేనేనని, అప్పుడు నోరు విప్పలేకపోయానని.

"నాకెరుకే సారూ. ఇనుము మీద చాకు గీత ఉండె గద. గా చుక్కానోని తాన చాకు యాడిది?"

"మరి పెద్ద ఇంజనీరుతో ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలె? ముట్టుకోకుండ్రి అంటి గని, ఎందుకు ముట్టుకోవద్దో చెప్పకపోతి. చెప్తె నెర్రె సంగతి బయటవడ్తది. నెర్రె బయటవడ్తె నా పని పోతది. గందుకే చెప్పలే. తోమినోడిదేం తప్పు?" రాట్నాన్ని పక్కకు జరిపాడు. మళ్ళీ ఆయనే అన్నాడు. "గది కాదు సారూ నా బాధ. పెద్దసారు, ఈన్నే ఉంచుదమన్నడు సూడు, నాకు మస్తు ఖుషీ అయింది. నీళ్లు కారుతున్నది నాకు కనవడుతనే ఉన్నది. ఒక్కసారి అవతలికి పోయొస్తె అయిపాయె, నోరు మూసుకుందమనుకున్న. నలుబై మంది ఎక్కెదాక మూసుకున్న. పిల్లలున్నరు పడవల. గదొక్కటి యాదికొస్తె ఇప్పటికి నిద్ర పట్టది."

ఆయన గెలిచిన క్షణాన్ని ఆయన తప్పుగా మోస్తున్నాడు. నేను ఓడిన క్షణం గురించి ఆయనకు ఏ పట్టింపూ లేదు.

పోతానని లేస్తే ఆవిడ లోపలికి పోయి ఒక మూట తెచ్చి చేతిలో పెట్టింది. ఆ ఏటి కొత్త చింతపండు, గింజ తీసింది. ఇంటికొచ్చినవాళ్ళకు ఏదో ఒకటి పెట్టకుండా పంపరు కదా. మిస్త్రి గుమ్మం దాకా వచ్చి మూట మీద చెయ్యి వేశాడు.

"పప్పులకు సారూ. ఇంజన్లకు కాదు."

ముగ్గురం నవ్వాం. బస్సెక్కాక మాత్రం నాకు నవ్వు రాలేదు. తర్వాత ఎప్పుడో ఆయన పోయాడని మక్తల్ నుంచి వచ్చిన ఒకాయన మాటల మధ్య చెప్పాడు. ఎలా పోయాడో, ఎప్పుడో అతనికీ తెలియదు.

మొన్న వసారాలో ఆ వాసనకు లేచి పోలేక, దొడ్లో ఉన్న మా ఆవిడను పిలిచి ఇదంతా చెప్పాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి. ఆమె చేతిలో సగం తోమిన దీపపు కుందితోనే వచ్చి నిలబడి మొత్తం విన్నది. విని, నెమ్మదిగానే అన్నది.

"గప్పుడు మీరన్న చెప్పొద్దా, గా పెద్దసారుకు?"

ఆ ఒక్క మాట మిస్త్రి నన్ను ఏనాడూ అనలేదు.